కుట్టు కొసన ముడి

మీ చొక్కా భుజం దగ్గర కుట్టు చూశారా? ఏం చూశారో చెప్పండి. చూడలేదు కదూ? ఎవరూ చూడరు! అయితే వినండి.

కుట్టుమిషన్లు ఓడల్లో దిగుతున్న కొత్తలో, అడవి దండుకు కోట్లు కుట్టే పని కుట్టుపిట్టలది. ఆకులు కుట్టి గూడు కట్టుకునే జాతి, ముక్కే సూది. నలభై పిట్టలకు పెద్ద పేరిందమ్మ. ఒక్కో కోటుకు మూడు రోజులు పట్టేది. వానలు పడేలోగా దండు మంచుకొండ ఎక్కాలి. అదే అదనని, కోట్ల గుత్తేదారు నక్క ఒక మిషను తెచ్చింది.

చక్రం తిప్పగానే పేరిందమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. రెప్ప వేసేలోగా భుజం అతుక్కుపోయింది! పైన చీమల బారులా తిన్నని కుట్టు, అడుగున సన్నని గొలుసు. ఒకటే దారం, ఉచ్చులో ఉచ్చు.

"అమ్మో! మా అమ్మ కూడా ఇంత తిన్నగా కుట్టలేదు."

"చూశావుగా? ఇక నువ్వూ నీ మందా పొండి. ముక్కులు అరగదీసుకున్నది చాలు" అంది నక్క.

పేరిందమ్మ కదల్లేదు. కోటు తిరగేసి చూసింది. కుట్టు ఆగిన చోట దారం కొస ఊరికే వేలాడుతోంది.

"నక్క బావా, కొసన ముడేదీ?"

"రోజుకు పాతిక కోట్లు! ముళ్ళు వేస్తూ కూర్చోనా?"

"దండులో పిల్లలు వీటితోనే మంచులో పడుకోవాలి బావా!"

"వాళ్ళు పడుకుంటార్లే, నువ్వు పద!"

మర్నాడు దండును నడిపే ఏనుగు దళవాయి కోట్లు చూడడానికి వచ్చింది. నక్క ఒక కోటు చెయ్యీ మొండెమూ రెండు దున్నలకు పట్టించి, "లాగండర్రా!" అంది. డెక్కలు నేలలో దిగేలా లాగాయి. కుట్టు చెక్కుచెదరలేదు. దండంతా ఈలలు!

"నేనూ ఒకసారి లాగనా దళవాయి గారూ?" అంది పేరిందమ్మ.

మైదానం గొల్లుమంది. "గాలికి ఎగిరిపోతుందేమో, పట్టుకోండర్రా!" అంది నక్క.

పేరిందమ్మ ఆ వేలాడే కొసను ముక్కున కరుచుకుని ఎగిరింది. సర్రున ఉచ్చు వెనక ఉచ్చు విడిపోతూ వచ్చింది. పిట్ట ఆకాశంలోకి, దారం దాని వెంట. కోటు చెయ్యి ఊడి దున్న కాళ్ళ ముందు పడింది.

ఏనుగు ఎత్తిన తొండం ఎత్తినట్టే ఉండిపోయింది. రెండు దున్నలకు లొంగనిది గుప్పెడైనా లేని పిట్టకు లొంగింది!

"మిషను పారేద్దామా పేరిందమ్మా?" అంది ఏనుగు.

"అయ్యో, అంత అద్భుతాన్నా! బారు కుట్టు దాన్నే కుట్టనివ్వండి. ముళ్ళు మావి. నలభై మందినీ పిలవండి. చక్రం మాత్రం నక్క బావ తిప్పుతాడు."

వానలకు ముందే దండు కొండెక్కింది. నక్క చేతులు బొబ్బలెక్కాయి.

ఎంత వేగంగా కుట్టినా, చివర ఆగి ముడి వేసే చెయ్యి లేకపోతే కుట్టు నిలవదు. ఇప్పుడు మీ భుజం మళ్ళీ చూసుకోండి. ఆ కొసన ముడి వేసింది ఎవరో, మీకు తెలుసా?