మెత్తని స్ప్రింగులు

అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడం రామబ్రహ్మం అయ్యవారికి అలవాటు లేదు. మదనపల్లెలో ఏళ్ల తరబడి మోటారు విద్య నేర్పి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన దగ్గరికి, ఒక సాయంత్రం శిష్యురాలు హైమవతి తాను గీసిన రెండు నమూనా పటాలు పట్టుకొని వచ్చింది.

ఆమె భర్త ఈశ్వరయ్య మిద్దె మీద నుంచి పడ్డాడు. మెడ కింద ఒళ్లంతా చచ్చుబడింది. ఆసుపత్రికి అద్దె కారులో పోయి వచ్చిన ప్రతిసారీ నలిగిపోయేవాడు. అందుకే అతని కోసం ఆమె ఇంటి వసారాలో సొంతంగా కారు కడుతోంది. చట్రం పూర్తయింది. స్ప్రింగుల దగ్గర పని ఆగింది.

"వెనక చక్రాలు రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించి లారీలకుండేలాంటి ఉక్కు కమాను పట్టీలు వేస్తే బండి నిబ్బరంగా ఉంటుంది గానీ కుదుపు తప్పదు అయ్యవారూ. ఏ చక్రానికా చక్రానికి విడిగా మెత్తని స్ప్రింగు పెడితే గతుకే తెలియదు. నా మనసు మెత్తనిదాని మీదే ఉంది."

అయ్యవారు పటాలు చూడలేదు. తన పాత కారు బయటికి తీశారు. దాని స్ప్రింగులు బాగా మెత్తన.

"వెనక కూర్చో తల్లీ. నడుముకు బెల్టు పెట్టుకో. కాళ్లు తన్నిపట్టకు. ఏం జరిగినా చేతులు ఒళ్లోంచి తీయకు."

గతుకుల్లో కారు ఊయలలా సాగింది. కొండదారి మొదటి మలుపులో మెల్లగా ఒరిగింది. దాంతోపాటే హైమవతి ఒరిగి, భుజం తలుపుకు కొట్టుకుంది. చెయ్యి తనంతట తాను పైకి లేచింది. మాట గుర్తొచ్చి దించుకుంది. ఎదురు మలుపులో అవతలి పక్కకు కూలబడింది.

చెంప సీటుకు ఆనించి అలాగే ఉండిపోయింది. ఆసుపత్రి నుంచి అద్దె కారులో వచ్చేటప్పుడు ఈశ్వరయ్య సరిగ్గా ఇలాగే పడి, కళ్లు మూసుకొని ఉండేవాడు. నిద్రపోతున్నాడనుకొని, లేపవద్దని ఆమె డ్రైవరుకు సైగ చేసేది.

అయ్యవారు కారు పక్కకు ఆపారు. ఆమె లేచి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"ఆయన నాకు ఒక్కసారీ చెప్పలేదు అయ్యవారూ."

"కుదుపు తగిలితే మనిషి అబ్బా అంటాడు. ఒరిగిపోతే ఏమంటాడు?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "అయితే గట్టి కమాన్లే వేయమంటారా?"

అయ్యవారు బండిని ఆమె ఇంటి దారి పట్టించారు.

"ఆ కారులో కూర్చునేది నేను కాదు కదమ్మా."