కనుమలో రెండు చప్పుళ్లు

“అయ్యా, మా అన్న తుపాకీకి గొట్టం మార్చేదా, వద్దా?”

ఆత్మకూరులో తుపాకులు బాగుచేసే మౌనాచారిని ఆయన శిష్యుడు కంబగిరి ఈ మాట అడగడం అది మొదటిసారి కాదు. ఎప్పుడు అడిగినా ఆచారి విననట్టే ఊరుకునేవాడు. వాదించి ఒప్పించడం ఆయన స్వభావం కాదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే, ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి మళ్లీ పనిలో పడేవాడు.

కంబగిరి అన్న జ్వరంతో పోయాక తుపాకీ తమ్ముడి పేరు మీదికి వచ్చింది. అది ఒక్కో తూటాకూ చేత్తో తెరిచి మూసే రకం కాదు. ఒక తూటా పేలితే, ఆ పేలుడు బలంతోనే ఖాళీ గుల్లను బయటికి నెట్టి, రెండోదాన్ని తనంతట తానే ఎక్కించుకునే రైఫిలు. దానికి సరిపడే తూటాలు పైదేశం నుంచి వచ్చేవి. ఆ రాక ఎప్పుడో ఆగిపోయింది. ఇక్కడ దొరికే తూటాకు తగిన గొట్టం బిగిస్తే తుపాకీ మళ్లీ పనికొస్తుంది. కాని అంతటితో తీరదు. లోపలి స్ప్రింగు మారాలి, తూటా అడుగును పట్టుకునే చోటు కోసి వెడల్పు చేయాలి. ఒకసారి కోస్తే పాత గొట్టం ఇక దానికి పట్టదు. ఊళ్లో చేను పందుల పాలవుతోందని తండ్రి కబురు మీద కబురు పంపుతున్నాడు. కంబగిరి ఆకురాయి చేతికి తీసుకుంటాడు, మళ్లీ కింద పెడతాడు. పాత తూటాలు ఎక్కడైనా దొరుకుతాయేమోనని వచ్చిన ప్రతివాణ్నీ అడుగుతాడు.

ఆ రోజు ఆచారి చేతిలో పని పక్కన పెట్టి, ఇలాంటి తుపాకీయే ఇంకొకటి ఈ చుట్టుపక్కల ఉండేదని మొదలుపెట్టాడు.

నల్లమల అంచున, కనుమ కింది పల్లెలో మద్దిలేటి అనే రైతు ఉండేవాడు. ఆయన అడవి గుత్తేదార్లకు దారి చూపడానికి వెళ్తే, వారం పది రోజులకు గాని ఇల్లు చేరేవాడు కాదు. తిరిగి వచ్చేటప్పుడు కొండ దిగే ముందు కనుమలో నిలబడి, ఆకాశంలోకి రెండుసార్లు పేల్చేవాడు. మొదటి చప్పుడు కొండకు తగిలి వెనక్కి వచ్చేలోపే రెండోది వినిపించేది. అంత వెంటవెంటనే పలికే తుపాకీ ఆ తాలూకాలో మరొకటి లేదు. అది వినగానే ఆయన భార్య సుంకులమ్మ చేస్తున్న పని వదిలి వాకిట్లోకి వచ్చేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె సిగ్గుపడేది గాని, లోపలికి మాత్రం పోయేది కాదు.

ఒక వానాకాలంలో మద్దిలేటికి అడవిలోనే విషజ్వరం తగిలింది. వాగులు పొంగి దారులు తెగిపోవడంతో, వెంట ఉన్నవాళ్లు ఆయన్ను అక్కడే మట్టి చేశారు. తుపాకీ ఒక్కటే ఇల్లు చేరింది. సంచిలో తూటా ఒక్కటీ మిగల్లేదు.

మద్దిలేటి తమ్ముడు ఓబుళేసు లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకుని, గొట్టం మార్చమని ఆచారి దగ్గరికి వచ్చాడు. వెంట వచ్చిన సుంకులమ్మ ఒప్పుకోలేదు. ఇంత దేశంలో ఆ తూటాలు ఎక్కడా లేకుండా పోతాయా అంది. ఆచారి మద్రాసులో, హైదరాబాదులో తనకు తెలిసిన దుకాణాలన్నిటికీ కబురు చేశాడు. లేవన్న జవాబే వచ్చింది. అయినా ఆమె సంత రోజున బండి దిగి, అంగడి ముందు కాసేపు నిలబడేది. లోపలికి వచ్చేది కాదు, అడిగేదీ కాదు. ఆచారి ముఖం చూసేది, వెళ్లిపోయేది. ఇంట్లో తుపాకీకి నూనె పట్టించి తుడవడం ఆమె ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

తుపాకీ మూగదైంది గనుక ఓబుళేసు డబ్బాలు వాయిస్తూ, దివిటీ పట్టుకుని చేను కాసేవాడు. ఒకసారి పంది మీదికి దూకి అతని తొడ చీల్చింది. బతికాడు గాని, కాలు కుంటిదైంది. అప్పుడు సుంకులమ్మే తుపాకీ తెచ్చి ఆచారి ముందు పెట్టింది, గొట్టం మార్చమంది. ఆచారి కొలతలు తీసుకోబోతుంటే ఆమె చెయ్యి మళ్లీ తుపాకీ మీదికి వచ్చింది. ఒక్క నెల ఆగుదామా అని అడిగింది. ఆ నెల గడిచింది, మరో నెలా గడిచింది. ఓబుళేసు వదినను ఒక్క మాటా అనలేదు.

అలాంటి రోజుల్లో తూటాలు దొరికాయి. కర్నూలులో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక పాత అడవి అధికారి పెట్టె అడుగున, సరిగ్గా ఆ తుపాకీవే, ఒక చిన్న అట్టపెట్టె నిండా ఉన్నాయి. ఆచారి అంగడి మూసి, తానే వాటిని తీసుకుని పల్లెకు వెళ్లాడు. గుల్లల మీద పచ్చని చిలుము పట్టి ఉంది. పేలుతాయో లేదో చెప్పలేనన్నాడు. సుంకులమ్మ వాటిని ఒళ్లో పోసుకుని కొంగుతో ఒక్కొక్కటే తుడిచింది. పందుల మాట ఎత్తలేదు. పొద్దు గూకే వేళకు కనుమలోకి పోయి రెండు పేల్చి రమ్మని మరిదితో చెప్పింది. ఓబుళేసు ఆచారి వైపు చూశాడు. ఆచారి తల దించుకున్నాడు. ఓబుళేసు తుపాకీ భుజాన వేసుకుని కుంటుతూ కొండెక్కాడు.

ఆచారి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. కొండ మీద ఎండ కరిగి, పశువులు ఇళ్లకు చేరుతున్న సమయంలో ఆ చప్పుడు వచ్చింది. ఒకటి, అది కొండకు తగిలి తిరిగి వచ్చేలోపే రెండోది. ఏ తేడా లేదు. పక్కిళ్ల వాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. సుంకులమ్మ వాకిట్లోకి వచ్చింది. జుట్టు సవరించుకుంది. కొండదారి వైపు చూస్తూ నిలబడింది. చాలాసేపటికి, తుపాకీ భుజాన వేసుకుని ఒక మనిషి దారి మలుపులో కనబడ్డాడు. ఆమె గబగబా నాలుగడుగులు ఎదురు వెళ్లింది. ఆ మనిషి ఒక కాలు ఈడుస్తూ నడవడం కనిపించేసరికి ఆగిపోయింది.

ఓబుళేసు దగ్గరికి వచ్చేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. అతని ముఖం చూసింది, తర్వాత కాలు చూసింది.

“కాలు నొప్పిగా ఉందా ఓబుళేసూ?” అని అడిగింది.

పంది చీల్చిన నాటి నుంచీ వదిన ఆ మాట అడగడం అదే మొదలని ఓబుళేసు తర్వాత ఆచారితో చెప్పాడు. ఆ సాయంత్రం ఆమె అతనికి వేణ్ణీళ్లు కాచి ఇచ్చింది, అన్నం పెట్టింది. తాను తినలేదు.

తెల్లవారాక తుపాకీనీ మిగిలిన తూటాలనూ తెచ్చి, రాత్రి అక్కడే ఉండిపోయిన ఆచారి ముందు అరుగు మీద పెట్టింది. గొట్టం మార్చమంది. పెట్టెలో తూటాలు ఇంకా చాలానే ఉన్నాయని, పందులకు ఈ ఏడాది అవే సరిపోతాయని, ఒకసారి కోస్తే ఇక అవి ఎందుకూ కొరగావని ఆచారి నచ్చచెప్పాడు. ఆమె అంతా విన్నది.

“ఇవి ఉన్నన్నాళ్లూ నేను వాకిట్లోనే ఉంటాను ఆచారీ” అంది.

మౌనాచారి చెప్పడం ఆపాడు. మార్చారా అని కంబగిరి అడిగాడు. మార్చానని ఆచారి అన్నాడు. పాత గొట్టం ఆమె అడగలేదట. కొత్త గొట్టంతో ఓబుళేసు చేను కాసుకున్నాడు. మొదటిసారి అది చేలో పేలినప్పుడు సుంకులమ్మ వంటింట్లో ఉందట. బయటికి రాలేదట. కంబగిరి తన అన్న తుపాకీ వైపు చూశాడు.

“అంటే ఆమె మరచిపోయిందా అయ్యా?”

ఆచారి పక్కన పెట్టిన పని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“మీ అన్న తుపాకీకి తూటాలు దొరకాలనే నేనూ వెతుకుతున్నాను. దొరికిన రోజు పేల్చి చూడు. గొట్టం సంగతి ఆ మర్నాడు అడుగు.”