శనిగ్రహానికి సోలెడు బియ్యం

నీలకంఠం పరువు శనిగ్రహం చేతిలో పడింది.

నల్లమల దిగువన, లారీలు పోయే రోడ్డు పక్కన పూర్ణయ్య స్వామి మఠం ఉంది. మఠమంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ఒక వంటపాక, ఒకే ఒక్క శిష్యుడు. ఆ శిష్యుడే నీలకంఠం. సాయంత్రాలు తండా పిల్లలు అతని దగ్గరికి చదువుకోవడానికి వస్తారు. వాళ్ళకి అతను గొప్పగా మాటిచ్చాడు. "మిమ్మల్ని శనిగ్రహం దాకా తీసుకెళ్ళి, దాని వలయాల చుట్టూ తిప్పుకొస్తా!"

మఠంలో ఉన్నది ఎవరో భక్తుడిచ్చిన చవక కంప్యూటర్. దానికి అంత బొమ్మ చూపించే శక్తి లేదు. నీలకంఠం పట్నం వెళ్ళి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు.

"కార్డు పెద్దది సామీ. ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చాలి. లోపల అన్నిటికీ కరెంటు పంచేది అదే" అంటూ కొట్టువాడు ఇంకో డబ్బా కూడా బలవంతంగా చేతిలో పెట్టాడు. అక్కర్లేకపోతే తెచ్చిచ్చేయమన్నాడు.

అంటగట్టడంలో వీళ్ళ తర్వాతే ఎవరైనా అనుకున్నాడు నీలకంఠం. ఆ డబ్బా విప్పనైనా విప్పలేదు. మూలన పడేసి దానిమీద నీళ్ళ కూజా పెట్టాడు. కార్డుకి మాత్రం కుంకుమ బొట్టు పెట్టి మరీ బిగించాడు.

సాయంత్రం పిల్లలంతా తెర ముందు మూగారు. చుక్కలు కనిపించాయి. శనిగ్రహం అంచు మెల్లగా పైకి వచ్చింది. అంతే, టప్పున కంప్యూటర్ ఆగిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగింది. మర్నాడూ అదే తంతు.

"శనిగ్రహంలో కరెంటు లేదా సామీ?" అని అడిగింది కమిలి అనే చిన్నపిల్ల. పిల్లలు గొల్లున నవ్వారు. నీలకంఠానికి తల కొట్టేసినట్టయింది. ఇంకోసారి ఇలా అయితే వీళ్ళు తన మాట నమ్మరు.

పొద్దున్నే కార్డు ఊడదీయబోతుంటే గురువుగారు వచ్చారు.

"ఏమయింది నాయనా?"

"కార్డులోనే లోపం ఉంది స్వామీ. ఊరికే కూర్చోబెడితే బాగానే ఉంటుంది, పని చెప్పగానే పడిపోతుంది. వెనక్కిచ్చేస్తాను."

"కొట్టువాడు ఏం చెప్పాడు?"

"కరెంటు డబ్బా మార్చమన్నాడు. పాత డబ్బాకి ఏం రోగం స్వామీ? ఇన్నేళ్ళూ నడిపింది అదేగా!"

ఆడలేక మద్దెల ఓడు అనే సామెత స్వామికి తెలియక కాదు. అయినా ఆయన కండువా భుజాన వేసుకుని రోడ్డు మీదికి వెళ్ళారు.

మధ్యాహ్నం ఆయన వెంట ఒక లారీ డ్రైవరు వచ్చాడు. పేరు గుర్నాథం. గుమ్మంలోంచి కాస్త పక్కకి తిరిగి లోపలికి రావాల్సి వచ్చింది, అంత మనిషి. "సామి రమ్మంటే వచ్చినా. నా తిండి చూసి బెదరొద్దు" అని నవ్వుతూ పీట మీద కూర్చున్నాడు. పీట కిర్రుమంది.

నీలకంఠం అతన్నొకసారి చూశాడు, గిన్నెలో అన్నాన్నొకసారి చూశాడు. వంటపాకలోకి వెళ్ళి పొయ్యి ముట్టించాడు. సోలతో బియ్యం కొలిచి కడగడం మొదలుపెట్టాడు.

స్వామి గుమ్మంలో నిలబడ్డారు. "వంట అయిందిగా. మళ్ళీ ఎందుకు?"

"ఆయన్ని చూశారుగా స్వామీ! మనిద్దరి గిన్నె ఆయనకి ఏ మూలకి?"

"ఇన్నేళ్ళూ నడిపిన గిన్నె. దానికేం రోగం?" అన్నారు స్వామి. "లోపం ఆ మనిషిలోనే ఉంది. వెనక్కి పంపేద్దాం."

కడుగునీళ్ళలో నీలకంఠం చేతులు ఆగిపోయాయి. కాసేపటికి భుజాలు కదలసాగాయి. తర్వాత అతను పకపకా నవ్వాడు. స్వామీ నవ్వారు. ఎందుకో తెలియకపోయినా గుర్నాథమూ ఇల్లు అదిరేలా నవ్వాడు.

అన్నం ఉడికేలోగా కూజా కిందికి దిగింది. భోజనాలయ్యాక పాత డబ్బా ఊడింది, కొత్తది బిగిసింది.

ఆ సాయంత్రం శనిగ్రహం తెర నిండా వచ్చింది. వలయాలు దుమ్ములా, మెరుపులా కళ్ళ ముందే తిరిగాయి. కమిలి కేకలు పెట్టింది. సరుకు సంగతి మర్చిపోయి అక్కడే ఉండిపోయిన గుర్నాథం, దానికంటే గట్టిగా కేకలు పెట్టాడు. నీలకంఠానికి సంతోషం పట్టలేక కళ్ళు చెమర్చాయి. గురువుగారికి చూపించాలని వెనక్కి తిరిగాడు. ఆయన లేరు.

వంటపాకలో వెలుగు కనిపించింది. స్వామి అన్నిటికంటే పెద్ద గుండిగె పొయ్యి మీదికి ఎక్కించి, బియ్యం కొలుస్తున్నారు.

"అంత దూరం వెళ్ళొస్తున్నారు పిల్లలు" అన్నారు. "ఆకలేయదూ?"