టౌహీ పిట్ట పారేసుకున్న పాట

ఒకప్పుడు, ఉత్తర అమెరికా అడవుల్లో టౌహీ పిట్ట నేల మీద కాలు పెట్టేవాడే కాదు. వాడు పిచ్చుకలకు దగ్గర చుట్టం. నల్లటి తల, ఇటుకరంగు పక్కలు, తెల్లటి పొట్ట. మేపుల్ చెట్టు చిటారుకొమ్మన కూర్చుని, పొద్దున మొదలెడితే మధ్యాహ్నం దాకా ఒకటే పాట.

"మరిదీ, కాస్త ఊపిరి పీల్చుకో!" అనేది పక్క కొమ్మ మీది రాబిన్ పిట్ట వదిన.

"పీల్చుకుంటే రాగం తెగిపోదూ!" అనేవాడు టౌహీ.

ఒక వసంతంలో పాటల పిట్టలన్నీ సభ పెట్టాయి. నీలిరంగు జే పిట్ట పెద్దమనిషి. "పాట మొదలునుంచి చివరిదాకా పాడినవాళ్ళకే చెట్టు మీద చోటు. పాడలేనివాళ్ళు కిందికి దిగాల్సిందే" అన్నాడాయన.

టౌహీ ఛాతీ విరుచుకుని గొంతెత్తాడు. "టౌ... హీ..."

సరిగ్గా అప్పుడే తుమ్మొచ్చింది. హాచ్! ఆ దెబ్బకి మిగతా పాటంతా ముక్కులోంచి ఎగిరి, కింద ఎండుటాకుల్లో పడిపోయింది!

మళ్ళీ నోరు తెరిచాడు. "టౌ-హీ!" ఎంత గింజుకున్నా అంతే. బుల్లి రెన్ పిట్ట నవ్వి నవ్వి కొమ్మ మీంచి జారింది.

టౌహీకి ఏడుపొక్కటే తక్కువ. "సాయంత్రం దాకా ఆగండి. వెతుక్కొస్తా!" అని కిందికి దూకాడు.

కుడికాలితో ఒక ఆకు తీశాడు. ఎడమకాలితో ఇంకోటి. ఆకులేమో వేలకి వేలు! విసుగొచ్చి రెండు కాళ్ళూ కలిపి ముందుకో గెంతు, వెనక్కో తన్ను. కరకర! ఆకులు గాల్లోకి లేచాయి. దుమ్ము పడి కళ్ళు ఎర్రబడ్డాయి.

ఆకుల కింద లావుపాటి పురుగు కనబడింది.

"నువ్వేనా నా పాట?"

"కాదు బాబూ, నేను పురుగుని!"

"ఏమో, చూసి చెప్తా" అని గుటుక్కున మింగాడు. అబ్బ, ఏం రుచి! తర్వాత గింజలు. ఆ తర్వాత ఓ సాలీడు.

సాయంత్రానికి రాబిన్ వదిన దిగొచ్చింది. "జే పెద్దాయన్ని బతిమాలాను మరిదీ. నా కొమ్మలో సగం నీకిమ్మన్నాడు. పైకి రా."

టౌహీ పైకి చూశాడు. పొట్ట నిమురుకున్నాడు.

"నువ్వు చల్లగా ఉండు వదినా. కానీ ఇంకా చాలా ఆకులు వెతకాలి" అని బ్రేవుమన్నాడు.

అప్పటినుంచే టౌహీ పొదల కింద ఎర్రకళ్ళేసుకుని, రెండు కాళ్ళతో ఆకుల్ని వెనక్కి తన్నుతూ తిరుగుతున్నాడు. పాట దొరికిందా అని అడిగితే "టౌ-హీ!" అంటాడంతే. పాపం, నోట్లో ఏదో ఉంటుంది.