రీలు పెట్టెలో ఉండిపోయిన ప్లేటు

రామభద్రయ్య మాస్టారు తనను అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పే మనిషి కాదు. చంద్రుడి మీదికి వెళ్ళేవాళ్ళకు కెమెరా వాడటం నేర్పడం ఆయన పని. అవి ఇంకా రీలు కెమెరాల రోజులు. ఎవరేం అడిగినా "చూద్దాం లెండి" అని ఊరుకునేవారు. అడిగినవాళ్ళకు ఒళ్ళు మండేది.

కాదంబరికీ మండింది. ఆఖరి పరీక్ష నాడు పొద్దున్న, బరువైన అంతరిక్ష దుస్తులు తొడుక్కుంటూ, "మాస్టారూ, అక్కడ నా చేతిలో తప్పు జరిగిపోతే ఏం చేయాలి?" అని అడిగింది. నాలుగేళ్ళు గొడ్డుచాకిరీ చేసి ఇక్కడిదాకా వచ్చింది. నౌకలోంచి చంద్రుడి నేల మీద దిగేది ఒక్కరే. తను గానీ, తనతోపాటు నేర్చుకుంటున్న శశాంక్ గానీ.

"చూద్దాం లేమ్మా," అన్నారాయన.

పరీక్ష చెప్పుకోవడానికి సులువే. ఇసుక మైదానంలో ఇరవై రాళ్ళు, ఒక్కో రాయికి మూడు బొమ్మలు. కెమెరా గుండెకు బిగించి ఉంటుంది. హెల్మెట్లోంచి కిందికి వంగి చూడటం కుదరదు గనక ఒళ్ళంతా రాయివైపు తిప్పి, లావుపాటి చేతితొడుగులతో మీట నొక్కాలి. వచ్చేటప్పుడు బరువు తగ్గించుకోవడానికి కెమెరా అక్కడే వదిలేసి, రీలు పెట్టె ఒక్కటే ఊడదీసి తేవాలి. ఆ పెట్టెలోకి వెలుతురు పోకుండా ఒక పల్చటి రేకు అడ్డం ఉంటుంది, దాన్నే ప్లేటు అంటారు. బొమ్మలు తీసేముందు దాన్ని లాగెయ్యాలి, పెట్టె ఊడదీసేముందు మళ్ళీ దూర్చాలి. అంతే. శశాంక్ ముందు వారమే అరవై బొమ్మలూ తెచ్చేశాడు, రీలు కడిగి చూస్తే ఒక్కటీ చెడలేదు.

కాదంబరి కూడా టకటకా తీసుకుంటూ పోయింది. ఇరవయ్యో రాయి అయ్యాక ప్లేటు దూరుద్దామని చేత్తో తడిమితే, ఏముంది, అది పెట్టెలోనే ఉంది! అసలు తీయనే లేదు. మీట అరవైసార్లు టక్కుమంది గానీ రీలు మీద ఒక్క గీత కూడా పడలేదు. రీలు ఇంకా కాస్త ఉంది గానీ, వీపున మోస్తున్న సిలిండర్లో తొమ్మిది నిమిషాల గాలే మిగిలింది.

ఎవరూ చూసినట్టు లేదు. రీలు కడిగేది ఎల్లుండి. కడిగేచోట రీళ్ళు పాడవడం కొత్తేం కాదు, నోరు మూసుకుంటే నింద అటు పోతుంది. ఆ ఆలోచన తనకు రాలేదని ఆమె తర్వాత ఏనాడూ బుకాయించలేదు. వచ్చింది, కాసేపు కదలకుండా కూచుంది కూడా.

అప్పుడు వైర్‌లెస్ నొక్కింది. "ప్లేటు తీయడం మర్చిపోయాను. అరవై బొమ్మలూ పోయాయి. తొమ్మిది నిమిషాలుంది. ఏ రాయి ముఖ్యమో చెప్పండి."

అవతల ఎవరో "అయ్యో రామా!" అనడం వినబడింది. రాళ్ళ శాస్త్రవేత్తలు తమలో తాము గుసగుసలాడుకుని పదకొండోది అన్నారు. వెళ్ళింది. ప్లేటు లాగి మూడు బొమ్మలు తీసింది, ప్లేటు దూర్చి పెట్టె ఊడదీసింది, ఒక్క నిమిషం మిగిలి ఉండగా మైదానం చివర నిలబెట్టిన నమూనా నౌక నిచ్చెన ఎక్కింది.

హెల్మెట్ తీసేసరికి మాస్టారు ఎదురుగా ఉన్నారు. "రేకు అంచు బయటికి కనబడుతూనే ఉందమ్మా. మొదటి రాయి దగ్గరే చూశాను."

కాదంబరికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "చూసి కూడా ఊరుకున్నారా? నాలుగేళ్ళ కష్టం మాస్టారూ నాది!"

"నువ్వే కదా పొద్దున్న అడిగావు. జవాబు నాకూ తెలీదు మరి. చూద్దామని కూచున్నాను."

ఆమె ఇంకా చేతితొడుగులు లాక్కుంటూ ఉండగానే డైరెక్టరు జలంధరరావు కాగితం పట్టుకొచ్చారు. "ఒకరు అరవై తెచ్చారు, ఒకరు మూడు. ఇందులో ఆలోచించేదేముంది మాస్టారూ? శశాంక్ పేరు రాసెయ్యనా?"

"ఆ అబ్బాయి బంగారం సార్, వంక పెట్టడానికి లేదు. కాకపోతే తప్పు ఇంకా అతని దాకా రాలేదు. వచ్చిన రోజున ఏం చేస్తాడో మీకూ తెలీదు, నాకూ తెలీదు," అన్నారు మాస్టారు. "ఈ అమ్మాయి సంగతి మటుకు ఇందాక వైర్‌లెస్‌లో అందరం విన్నాం."