తువ్వాలు కట్టిన ముల్లు

విదేహ స్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న తెచ్చినా, అది మోక్షం గురించి అయినా నడుంనొప్పి గురించి అయినా, ముందు "ఇవాళ ఏం పని చేసి వచ్చావు?" అని అడిగేవారు. వచ్చినవాళ్ళు చెప్పాలి. వంట చేశానంటే ఏం కూర అని అడిగేవారు. ఏమీ చెయ్యలేదంటే, పోయి ఏదో ఒకటి చేసి రమ్మని పంపేసేవారు. దీనివల్ల కొందరు పెద్దమనుషులు ఆశ్రమానికి రావడమే మానుకున్నారని కూడా చెప్పుకుంటారు. సరే, ఆ సంగతి మనకెందుకు. మనం గవర్రాజు దగ్గరికి వద్దాం.

గవర్రాజు గ్యాసు గొట్టాలు వేసే మనిషి. సిలిండర్లు మోసే పని కాదండీ. వీధి కింద పసుపుపచ్చ గొట్టం పరిచి, ఇంటింటి పొయ్యిదాకా గ్యాసు తెచ్చే పని. గొయ్యి తవ్వించడం, గొట్టాల కొసలు వేడిచేసి ఒకదానికొకటి అతికించడం, ఎక్కడైనా లీకయితే వెతికి పట్టుకుని బాగుచెయ్యడం. తొమ్మిదేళ్ళుగా అదే చేస్తున్నాడు, మంచి పేరు తెచ్చుకున్నాడు. మూడు నెలల క్రితం స్వామివారి దగ్గర మంత్రోపదేశం పొందాడు. చిత్రమేమిటంటే, అప్పటినుంచే అతని బతుకు అయోమయంలో పడింది.

తెల్లవారుజామున జపానికి కూర్చుంటే ఒళ్ళు తెలిసేది కాదు. మనసంతా నిండుగా ఉండేది. సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అదే పీట మీద అదే మాల పట్టుకుని కూర్చుంటే ఏమీ ఉండేది కాదు. వేళ్ళు పూసలు లెక్కపెడుతూనే ఉండేవి, లోపల మాత్రం ఖాళీ. పొద్దున అంత ఉన్నది సాయంత్రానికి ఎటు పోయినట్టు? గొట్టాల మనిషి కదా, అతనికి తోచింది ఒక్కటే: ఎక్కడో లీకు ఉంది.

వెతకడం మొదలుపెట్టాడు. కాఫీ మానేశాడు. సాయంత్రం ఖాళీయే. ఉల్లిపాయ మానేశాడు. ఖాళీయే. కబుర్లు ఎక్కువని బావమరిదిని ఇంటికి రావద్దన్నాడు. మంచం వరండాలో వేసుకున్నాడు. భార్య మంగతాయారు ఏదైనా అడిగితే చేత్తో సైగచేసి ఊరుకునేవాడు, మౌనమట. అయినా పొద్దు వాలేసరికి లోపల అదే ఖాళీ. చివరికి ఒక గురువారం పొద్దున రెండు పంచెలు, మాల, ఒక గ్లాసు సంచిలో సర్దుకున్నాడు. స్వామివారు ఊఁ అంటే ఇల్లు వదిలేసి ఆశ్రమంలోనే ఉండిపోవాలని. మంగతాయారు గుమ్మంలో నిలబడి ఆ సంచిని చూసింది.

"కాఫీ అయింది, ఉల్లిపాయ అయింది, మా తమ్ముడయ్యాడు. ఇక మిగిలింది నేనేగా," అంది. "అక్కడా ఖాళీగానే ఉంటే, ఆ తర్వాత ఎవర్ని మానేస్తారు?"

అతను వంగి సంచి మూతి బిగించాడు. ఆవిడ లోపలికి వెళ్ళి క్యారియరు తెచ్చి సంచి పక్కన పెట్టింది. అందులో ఉల్లిపాయ లేకుండా వండిన వంకాయ కూర ఉంది.

భగవంతుడు ఎక్కడెక్కడి దారాలు ఎలా కలుపుతాడో చూడండి. ఆ వారం గవర్రాజు పని ఆశ్రమం ఉన్న సాలిపేట వీధిలోనే పడింది. మూడు వందల మీటర్ల కొత్త గొట్టం. శనివారం అందులోకి గ్యాసు వదలాలి. వదిలేముందు ఒక పరీక్ష ఉంటుంది, దీన్ని కాస్త మనసుపెట్టి వినండి. గొట్టం రెండు కొసలూ మూసి, లోపలికి గట్టిగా గాలి ఎక్కిస్తారు. ఒత్తిడి చూపించే గేజిలో ముల్లు ఎక్కడ నిలిచిందో రాసుకుంటారు. మర్నాడు సరిగ్గా అదే వేళకు వచ్చి చూస్తే ముల్లు అక్కడే ఉండాలి. ఉంటే గొట్టం మంచిది. ఈలోపల ఎవరూ ఏమీ కదపకూడదు.

దీనికి గవర్రాజుకు తనదంటూ ఒక పద్ధతి ఉంది. గోడ మీద సుద్దముక్కతో అంకె రాసి, భుజం మీది తువ్వాలు తీసి గేజి చుట్టూ కట్టి ముడివేసేవాడు. దారినపోయేవాళ్ళు తాకకుండా అని పైకి చెప్పేవాడు. నిజానికి తనే మాటిమాటికీ చూడకుండా ఉండడానికి కట్టేవాడు.

ఆ గురువారం మిట్టమధ్యాహ్నం గాలి ఎక్కించి, తువ్వాలు కట్టి, సంచి పట్టుకుని ఆశ్రమంలోకి వెళ్ళాడు. స్వామివారు అలవాటు ప్రకారం ఏం చేసి వచ్చావని అడిగారు. అతను చెప్పాడు. తువ్వాలెందుకు నాయనా అని ఆయన ఆసక్తిగా అడిగితే, "ముల్లు కనబడుతుంటే చెయ్యి ఊరుకోదండి" అన్నాడు. ఆ తర్వాత తన గోడు వెళ్ళబోసుకున్నాడు. కాఫీ దగ్గర మొదలుపెట్టి సంచిదాకా చెప్పి, చివరికి ఇలా అన్నాడు:

"నాలో ఎక్కడో చిల్లుందండి, స్వామీ. ఎన్ని మూసినా ఆగట్లేదు. ఇక ఆ ఇల్లేనేమో చిల్లు. ఇక్కడ ఉండిపొమ్మంటారా?"

స్వామివారు సంచి వంక, క్యారియరు వంక చూశారు. సంచి ఆ గూట్లో పెట్టమన్నారు. ముందు ఆ గొట్టం సంగతి తేలనీ, తర్వాత నీ సంగతి చూద్దామన్నారు. తన గొట్టానికీ తన మోక్షానికీ ఏం సంబంధమో గవర్రాజుకు అంతు చిక్కలేదు. క్యారియరు విప్పి తిన్నాడు. కూర బాగుందో లేదో కూడా అతనికి తెలియలేదు.

సాయంత్రం నాలుగు దాటి ఎండ చల్లబడింది. అతను అరుగు మీద కూర్చుని ఉండగా వీధిలోంచి గునపం చప్పుడు వినిపించింది. ఒక్క పరుగున గేటు దాటాడు. తువ్వాలు నేల మీద పడి ఉంది. గొట్టం కాపలాకు ఉంచిన పోలయ్య, దర్జీ కొట్టు ముందు పూడ్చిన మట్టిని మళ్ళీ పెళ్ళగిస్తున్నాడు.

ఈ పోలయ్య సంగతి చెప్పాలి. పాపం మంచివాడే. ముప్పై ఏళ్ళు మంచినీళ్ళ గొట్టాల పనిచేసి, ఈ మధ్యనే గ్యాసు పనిలోకి వచ్చాడు. భూమికి చెవి ఆనించి నీళ్ళ లీకు చెప్పగలడని ఊళ్ళో పేరు. కూర్చుని కూర్చుని తోచక, తువ్వాలు విప్పి చూశాడట. ముల్లు దిగి ఉంది. నీళ్ళ గొట్టంలో ముల్లు దిగిందంటే లీకు ఉన్నట్టే, తవ్వాల్సిందే. దర్జీ కొట్టు దగ్గరి వంపు మీద అతనికి మొదటినుంచీ అనుమానం. అంతే, గునపం తీసుకున్నాడు.

గవర్రాజు గునపం లాక్కున్నాడు. అతనికి కోపం వచ్చింది గానీ, పెద్దవాడని తమాయించుకున్నాడు.

"ఇవి నీళ్ళు కాదు బాబాయ్, గాలి," అన్నాడు. "మిట్టమధ్యాహ్నం ఎండలో ఎక్కించాం. పొద్దు వాలితే గాలి చల్లబడుతుంది, ముడుచుకుంటుంది. సాయంత్రం కదా, ముల్లు దిగుతుంది. రేపు అదే వేళకు చూడాలి గానీ, వేళ కాని వేళ చూసి తవ్వుతారా ఎవరైనా? ఇందులో లీకు లేదు. నేను చెబుతున్నా, లేదు."

పోలయ్య తలవంచుకున్నాడు. మట్టి మళ్ళీ కప్పారు. గవర్రాజు తువ్వాలు దులిపి గేజికి కట్టాడు. వెనక్కి తిరిగేసరికి స్వామివారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి నిలబడ్డారో తెలియదు.

ఆ సాయంత్రం ఆశ్రమంలో, అంత పవిత్రమైన చోట, గవర్రాజు మాల పట్టుకుని కూర్చున్నాడు. లోపల ఖాళీగానే ఉంది. ఇక్కడ కూడా అదే! మంగతాయారు అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. దానికి జవాబు ఆలోచించడానికి అతనికి భయం వేసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, గోడ మీద సుద్ద అంకె పక్కన నిలబడి తువ్వాలు విప్పాడు. స్వామివారు కూడా గొడుగు వేసుకుని వచ్చారు. ఎండ నిన్నటి ఎండే, వేళ నిన్నటి వేళే. ముల్లు పైకి వచ్చింది గానీ, నిన్నటి చోటికి రాలేదు. ఆవగింజంత తక్కువ.

గవర్రాజు కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. గేజిని వేలితో తట్టి చూశాడు. అదే చోటు. లీకు లేదని నిన్న పోలయ్య ముందు గొంతెత్తి చెప్పాడు, ఇవాళ ఉంది. నిన్న తను చెప్పింది అబద్ధమా? లేక ఇవాళ ముల్లు అబద్ధం చెబుతోందా? చేసేదిలేక సబ్బునీళ్ళ డబ్బా తెప్పించాడు. గొట్టానికి మొత్తం పదకొండు అతుకులు, పరీక్ష అయ్యేదాకా వాటి మీద మట్టి కప్పరు. ఒక్కొక్క అతుక్కీ సబ్బునీళ్ళు రాసి, ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. లీకు ఉంటే అక్కడ బుడగ లేవాలి. పదకొండింటిలో ఒక్కచోట కూడా లేవలేదు. అతుకులన్నీ బంగారంలా ఉన్నాయి. మరి గాలి ఎటు పోతోంది? అతని బుర్ర పనిచెయ్యడం మానేసింది.

అప్పుడు, అంతసేపూ దూరంగా నిలబడ్డ పోలయ్య మెల్లగా దగ్గరికి వచ్చాడు. నిన్న మట్టి పెళ్ళగించేటప్పుడు గునపం దేనికో తగిలినట్టు అనిపించిందనీ, గాలి బుస్సుమన్న చప్పుడేమీ రాలేదు గనక రాయి అనుకున్నాననీ, ఆ తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదనీ అన్నాడు. దర్జీ కొట్టు ముందు మట్టి చేతులతోనే తీశారు. పసుపు గొట్టం మీద చిన్న గాటు ఉంది. సబ్బునీళ్ళు రాశారు. ఒక బుడగ లేచి, నెమ్మదిగా పెరిగి, పగిలింది. దాని చోట ఇంకొకటి లేచింది.

గాలి వదిలేసి, గాటు పడిన ముక్క కోసేసి, కొత్త ముక్క అతికించారు. వేడిమీద పెట్టిన అతుకు పూర్తిగా చల్లారేదాకా కదపకూడదు. గవర్రాజు దాని పక్కనే గొంతుకూర్చుని కాపలా కాస్తున్నాడు. స్వామివారు వంగి, గొడుగు నీడ అతని మీద పడేలా పట్టారు.

"మంగతాయారు నీతో సరిగ్గా మాట్లాడి ఎన్నాళ్ళయింది?" అని అడిగారు.

గవర్రాజు లెక్కవేసుకున్నాడు. కాఫీ మానేసినప్పుడు నవ్వింది. ఉల్లిపాయ మానేసినప్పుడు సణిగింది, అయినా వండింది. తమ్ముడిని రావద్దన్నప్పుడు అరిచింది. మంచం వరండాలోకి మారాక అదీ లేదు. అంతకుముందు? అంతకుముందు కూడా సాయంత్రాలు గోతుల్లోంచి లేచి, ఒళ్ళు హూనమై, బుర్ర ఖాళీ అయిపోయి ఇంటికి వెళ్ళేవాడు. ఆ ఖాళీతోనే కూర్చుని కాఫీ తాగేవాడు. ఆవిడ వీధిలో ఎవరు ఎవరితో పోట్లాడారో చెబుతుంటే వినేవాడు. ఒక్కోసారి అలాగే కునుకు తీసేవాడు. అప్పుడు ఎక్కడా లీకు ఉన్నట్టు అతనికి తోచలేదు.

అతుకు చల్లారింది. మళ్ళీ గాలి ఎక్కించారు. గోడ మీద కొత్త అంకె రాశారు. ఈసారి తువ్వాలు పోలయ్యే కట్టాడు, రెండు ముడులు వేసి మరీ. స్వామివారు లోపలికి వెళ్ళి, గూట్లోంచి సంచీ, కడిగిన క్యారియరూ స్వయంగా తెచ్చి గవర్రాజు చేతికిచ్చారు. ఉండిపొమ్మనలేదు, పొమ్మనీ అనలేదు.

ఆ సాయంత్రం అతను దారిలో అరకిలో ఉల్లిపాయలు కొన్నాడని తర్వాత పోలయ్య అందరికీ చెప్పాడు. నిజమే అయివుంటుంది. కానీ గేటు దగ్గర మాత్రం గవర్రాజు ఇంకా అయోమయంగానే ఉన్నాడు. నాలుగడుగులు వేసి, ఆగి, సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వెనక్కి తిరిగాడు.

"స్వామీ, ఇంతకీ నాలో చిల్లు ఉన్నట్టా, లేనట్టా?"

స్వామివారు గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నారు.

"తవ్వకముందు లేదు, నాయనా," అన్నారు.