చిరగని గొంగడి

గవిరయ్య గారిని ప్రశ్న అడిగినవాళ్ళలో సగంమంది జవాబు వినకుండానే లేచి వెళ్ళిపోయేవారు. తప్పు వాళ్ళది కాదు. ఆయన ప్రశ్న విని, కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, వీధి వంక చూస్తూ కూర్చునేవారు. అడిగినవాడికి తన మాట వినబడిందో లేదో తెలిసేది కాదు. గురువంటే గడ్డమూ, కాషాయమూ, నాలుగు శ్లోకాలూ ఉంటాయని ఆశపడి వచ్చినవాళ్ళకి, నర్సీపట్నం సందులో చిన్న అరుగు మీద కూర్చున్న ఈ మనిషిని చూడగానే ఉత్సాహం నీరుగారిపోయేది. పైగా ఆయన ఒకప్పుడు లారీ టార్పాలిన్లు కుట్టి బతికినవారు. నాకు ఆయన దగ్గర మనశ్శాంతి ఎన్నడూ దొరకలేదు. అయినా పదకొండేళ్ళు వెళ్ళాను. తెలియనిది తెలుసని చెప్పని మనిషి నాకు తెలిసినంతలో ఆయనొక్కరే.

ఆ రోజు అడిగింది కస్తూరి. ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సు. డ్యూటీ దిగి, తెల్లచీర కూడా మార్చుకోకుండా వచ్చింది.

"గురువుగారూ, ఈ వారంలో ముగ్గురు పసికందులు నా చేతుల్లోనే పోయారు. ప్రతిసారీ నేను ముక్కలైపోతున్నాను. ఇంటికి పోయి, ఏడ్చి, ఎలాగో కూడదీసుకుని మళ్ళీ పొద్దున్నే వెళ్తున్నాను. మా పెద్ద సిస్టర్ గారున్నారు, ఆవిడకి ఏదీ అంటదు. ఒక మంచం మీద గుడ్డ మార్చి ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోతారు. నాకూ అలా కావాలి. ఏదీ అంటకుండా ఉండే దారి చెప్పండి. లేదా ఈ ఉద్యోగం మానెయ్యమని చెప్పండి."

తామరాకు మీద నీటిబొట్టు గురించి రెండు ముక్కలు నా నాలుక చివరే ఉన్నాయి. నేనైతే చెప్పేసి, మంచి మాట చెప్పానని ఇంటికి పోయి హాయిగా అన్నం తినేవాణ్ణి. గవిరయ్య గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చాలాసేపటికి, "గుర్రానికి గొంగడి కప్పడం ఎప్పుడైనా చూశావా అమ్మా?" అన్నారు.

కస్తూరి ముఖం ఎర్రబడింది. లేచి పోతుందనుకున్నాను, కాని కూర్చునే ఉంది. అప్పుడు ఆయన చెప్పింది ఇది.

చింతపల్లి పైన కొండల్లో, రోడ్డు పోని ఒక ఊళ్ళో, బొంజన్న అనే రైతు ఉండేవాడు. మిరియాలూ పసుపూ సంతకి దింపాలన్నా, జ్వరం వచ్చినవాళ్ళని రోడ్డు దాకా చేర్చాలన్నా ఆ ఇంటికి దిక్కు ఒక్క ఆడగుర్రమే. పేరు జాజి. ఆ ఏడు వానల్లో దానికి గజ్జి పట్టింది. మందు రాస్తే గజ్జి పోయింది గాని, వీపు మీదా డొక్కల మీదా వెంట్రుక లేకుండా పోయింది. మార్గశిరం వచ్చేసరికి ఆ కొండల్లో పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకుంటుంది. వెంట్రుక తిరిగి మొలిచేదాకా ఒంటికి వెచ్చదనం తప్పకూడదనీ, చలి పట్టిందంటే దక్కదనీ పశువుల డాక్టరు చెప్పి వెళ్ళాడు. కట్టేసి మేపుదామంటే ఇంట్లో ఎండుగడ్డి లేదు. మేతకి వదలక తప్పదు, వదిలితే గొంగడి ఒంటి మీద నిలవదు. పరుగులో భుజం దగ్గర పిగిలేది, తుప్పల్లో దూరితే పక్కన చిరిగేది, పక్కింటి పోతుగుర్రం ఆటకి పళ్ళతో పట్టి లాగితే మెడ దగ్గర చీలిపోయేది. రోజూ సాయంత్రం బొంజన్న గడపలో కూర్చుని దాన్ని కుట్టేవాడు. తెల్లారి మళ్ళీ కప్పేవాడు.

పంట ఆరబోసే టార్పాలిన్లకి అతుకులు వేసే పని మీద ఆ ఊరు ఎక్కిన గవిరయ్య గారు అలా కుడుతున్న బొంజన్నని చూశారు. చూసి నవ్వారట.

"నవ్వకు బాబూ," అన్నాడు బొంజన్న. "గుర్రం మేస్తాది, గొంగడి చిరుగుతాది, నాను కుడతాను. మరింకేటీ లేదు నా బతుక్కి. ఇసుగెత్తిపోనాది."

గవిరయ్య గారు గొంగడి చేతిలోకి తీసుకున్నారు. పనివాడి కన్ను కదా, ఎక్కడెక్కడ చిరుగుతోందో, ఎందుకు చిరుగుతోందో ఒక్క చూపులో తెలిసిపోయింది. అన్నిటికన్నా ఆయనకి వింతగా తోచింది కట్టుతాడు. పొట్ట కింద కట్టే ఆ తాడు అడవిలో దొరికే అడ్డతీగ నారతో సన్నగా పేనింది. గట్టిగా గుంజితే పుటుక్కుమని తెగింది.

"ఇదేం తాడయ్యా?"

"మా వోళ్ళు గుర్రానికి ఎప్పుడూ ఇదే కడతారు బాబూ."

ఎందుకని ఆయన అడగలేదు. అడిగినా బొంజన్నకి తెలియదు. లేమి చేత అనుకున్నారు ఆయన. తాను చేయగల మేలు కళ్ళెదుట కనబడేసరికి ఆయనకి ఒళ్ళు పొంగిపోయింది. అంత సంతోషం తనకి మళ్ళీ ఎప్పుడూ కలగలేదన్నారు.

రెండు రోజులు అక్కడే ఉండిపోయారు. గుర్రానికి కొలతలు తీశారు. అడుగు సాగేందుకు భుజాల దగ్గర కుచ్చు పెట్టారు. గొంగడి పైన టార్పాలిన్ వేసి, మైనం పట్టించిన దారంతో రెండు వరసలు కుట్టారు. అడ్డనార తీసిపారేసి, తన సంచిలో ఉన్న, లారీ సరుకుకి బిగించే పటకాలు రెండు పొట్ట కిందుగా అడ్డంగా తిప్పి, ఇనప బకిల్సు వేశారు. "ఇక దీన్ని ఏనుగు లాగినా చిరగదు," అని బొంజన్నకి చెప్పారు. చెప్పినట్టే పంతొమ్మిది రోజులు ఒక్క పోగు లేవలేదు. జాజి డొక్కల మీద నూగు మొదలైంది. బొంజన్న సాయంత్రాలు గడపలో ఊరికే కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు.

ఇరవయ్యో రోజున గవిరయ్య గారు పని కట్టుకుని ఆ కొండ మళ్ళీ ఎక్కారు. కుట్టు చూసుకోవడానికే. దాచడం దేనికి, మెప్పు వినడానికే వెళ్ళానన్నారు. బొంజన్న ఆయన్ని వెంటబెట్టుకుని మేతకి వదిలిన వాలు మీదికి తీసుకెళ్ళాడు. పొగమంచులో గుర్రం కనబడలేదు. ఊపిరి తీస్తున్న చప్పుడు మాత్రం వినబడింది.

కొట్టేసిన సిల్వర్ ఓక్ చెట్టు మోడు ఒకటి అక్కడ ఉంది. జాజి దాని పక్కన పొర్లబోయి ఉంటుంది. పొట్ట కింద, ఒకప్పుడు అడ్డనార ఉన్న చోట, పటకా ఆ మోడు కొసకి తగులుకుంది. భయపడి లేవబోయింది, వాలులో కిందికి జారింది. ఒళ్ళంతా కిందికి వేలాడి, పటకా మెలిపడి రొమ్ము కిందికి బిగిసిపోయింది. చుట్టూ నేల అంతా గిట్టలతో దున్నేసి ఉంది. పొద్దుటి నుంచీ పెనుగులాడినట్టుంది.

బొంజన్న బకిలు లాగాడు. బరువుకి అది కదల్లేదు. కత్తి తీశాడు. టార్పాలిన్ మీద కత్తి జారింది. గవిరయ్య గారు కుట్టు ఊడదీయబోయారు. ఎక్కడ పట్టుకుని లాగితే ఊడుతుందో వెతుక్కుంటే, అలాంటి చోటు ఆయన ఒక్కటీ మిగల్చలేదు. వేళ్ళు తెగాయి, దారం తెగలేదు. గుర్రం తల తిప్పి వీళ్ళిద్దరినీ చూసింది. ఒకసారి కాళ్ళు తన్నుకుంది. పటకా మీద కత్తి రంపంలా ఆడించి ఆడించి చివరికి కోసేసరికి అది ఊపిరి తీయడం మానేసింది.

బొంజన్న గుర్రం మీది నుంచి గొంగడి ఒలిచి, మంచు దులిపి, ఆ మూల నుంచి ఈ మూల దాకా వేలితో తడిమి చూశాడు.

"మంచి కుట్టు బాబూ," అన్నాడు. "ఎక్కడా పోలేదు."

అందులో ఎత్తిపొడుపు లేదట. ఉండి ఉంటే తాను బతికిపోయేవాణ్ణన్నారు గవిరయ్య గారు. ఆ ఏడాది మిరియాల బస్తాలు బొంజన్న తన వీపు మీదే మోశాడని తరువాత ఎవరో చెప్పగా విన్నారు. మళ్ళీ ఆ కొండ ఎక్కే ధైర్యం ఆయనకి కలగలేదు.

కథ అయిపోయిందని మాకు వెంటనే తెలియలేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. కస్తూరి ఏడుస్తోంది. తనకోసమో, ఆ గుర్రంకోసమో, ఆ ముగ్గురు పిల్లలకోసమో అడిగే అధికారం నాకు లేదు. నాలుక చివరి నీటిబొట్టు నేను ఎప్పుడో మింగేశాను.

"అయితే నేను రోజూ ఇలా చిరుగుతూ, రోజూ ఇంటికెళ్ళి కుట్టుకుంటూ ఉండాలా గురువుగారూ?" అంది. "ఎంతకాలం? నాకు చేతకావడం లేదు."

గవిరయ్య గారు ఆమె వంక చూడలేదు.

"కష్టమేనమ్మా," అన్నారు. "బొంజన్న కూడా కష్టమనే అన్నాడు. అతని కష్టం తీర్చింది నేనే."